ఆఫీసరుగారి కుక్కకు పెట్టె అలవాటు చేసిన సంగతి

నా ఉద్యోగమంతా పశువుల ఆస్పత్రుల్లో కాంపౌండరుగానే గడిచింది. ఇప్పుడు మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి పాత సంగతులేవైనా చెప్పమంటారు. పశువులకు గాలికుంటు రోగం వచ్చిన ఏడాది పల్లెలన్నీ ఎలా తిరిగామో, కరువులో పశువుల క్యాంపులు ఎలా నడిపామో చెబుతానని వాళ్ల ఆశ. పోయినసారి వాళ్లలో ఒకమ్మాయి వేరే ప్రశ్న వేసింది. ఇంట్లోకి కుక్కపిల్లను తెచ్చుకుందట. రోజంతా డ్యూటీలో ఉంటుంది కాబట్టి దాన్ని పంజరంలో ఉండటానికి ఎలా అలవాటు చేయాలి అని అడిగింది. పద్ధతంతా చెప్పాను. రాసుకుంది. సంతోషంగా వెళ్లిపోయింది.

ఆ పద్ధతితో నేను చివరిసారి పని చేసినప్పుడు ఏం జరిగిందో మాత్రం ఆ అమ్మాయికి చెప్పలేదు. అది ఇక్కడ చెబుతాను. మిమ్మల్ని కూడా ఎవరైనా ఎప్పుడైనా ఆఫీసరుగారి ఇంటికి ‘చిన్న పని’ మీద పొమ్మనవచ్చు.

మాది మదనపల్లె. మిషన్ కాంపౌండు వెనక వరస ఇళ్లలో పుట్టి పెరిగాను. మా నాయన మిషన్ దొరసాని బంగళాలో తోటపని చేసేవాడు, ఆమె కుక్కలను చూసుకునేవాడు. దొరసాని కుక్కలు గొలుసు ఎరగవు. ఒక్కోదానికి ఒక్కో చెక్కపెట్టె. అవి తమంతట తామే పోయి అందులో పడుకునేవి. ఇంటికి కొత్తవాళ్లు వచ్చినా, ఉరుము ఉరిమినా పెట్టెలోకి దూరి ఊరకుండేవి. అది అలవాటు చేసింది మా నాయనే. “దానికి జైలు కట్టొద్దురా, ఇల్లు కట్టు” అనేవాడు. నాకు ఆ పని ఆయన దగ్గర అబ్బింది. ఆ సంగతి నాలోనే ఉండి ఉంటే బాగుండేది. ఒకనాడు మాటల్లో మా డాక్టరుగారి ముందు చెప్పాను.

డెబ్బైల నడుమ నేను పుంగనూరు దగ్గర ఒక పల్లె ఆస్పత్రిలో ఉండేవాణ్ణి. డాక్టరుగారు, నేను, ఒక అటెండరు, అంతే మేము. డాక్టరుగారిది కోస్తా. చెయ్యి మంచిది. ఈనలేక అవస్థ పడే ఆవు దగ్గర చొక్కా విప్పి మట్టిలో పడుకునేవారు. కానీ ఆవు దగ్గరున్న ధైర్యం కుర్చీలో ఉన్న మనిషి ముందు ఉండేది కాదు. సొంత జిల్లాకు బదిలీ కావాలని ఏళ్ల తరబడి తిరుగుతున్నారు.

అటెండరుది నిమ్మనపల్లె వైపు ఒక మెట్టపల్లె. సేద్యం కుటుంబం. వానలు లేక భూమి బీడు పడితే ఈ ఉద్యోగంలోకి వచ్చాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయనకు నడక అంటే ఇష్టం. టీకాల డబ్బా భుజాన వేసుకుని గుట్టలు దాటి పల్లెలకు పోతుంటే నేను సైకిలు మీద కూడా ఆయనకు సరిపోయేవాణ్ణి కాదు. బస్సు ఉండగా యాల నడుస్తావన్నా అంటే, “బస్సులో పోతే ఎవురి సేనులో ఏం పంటుండాదో యాడ కనిపిస్తాదప్పా” అనేవాడు. సెలవు దొరికితే ఇంటికి కూడా నడిచే పోయేవాడు.

మదనపల్లెలో అప్పుడొక పెద్ద ఆఫీసరు ఉండేవారు. ఏ శాఖో చెప్పను. మా శాఖ కాదు. అయినా ఆయన ఒక మాట అంటే మా శాఖలో కూడా ఫైళ్లు కదిలేవి. ఎమర్జెన్సీ నడుస్తున్న కాలం. ఆఫీసర్ల మాటకు మామూలు రోజుల్లో ఉండే బరువు కంటే ఎక్కువ బరువు ఉండేది. ఆయన బెంగుళూరు నుంచి ఒక అల్సేషన్ పిల్లను తెప్పించుకున్నారు. ఆ ఇంట్లోని అమ్మగారి అన్న మిలిటరీలో ఉన్నాడట. అక్కడ కుక్కలు పెట్టెలో బుద్ధిగా పడుకుంటాయని ఆమె చూసి వచ్చింది. తమ కుక్కా అట్లాగే ఉండాలి.

డాక్టరుగారు నన్ను పిలిచి, “నీకు ఆ పని తెలుసన్నావుగా. వారానికి మూడు రోజులు వెళ్లు. మిగతా రోజులు అటెండరు వెళతాడు. ఇక్కడి హాజరు సంగతి నేను చూసుకుంటాను” అన్నారు.

“పశువులకు టీకాలు వేసే కాలం సార్ ఇది” అన్నాను.

“నాకు తెలీదా?” అన్నారు, నా వైపు చూడకుండా.

అట్లా పోయాం. మిషన్ కాంపౌండులో మాకు తెలిసిన వడ్రంగి చేత మామిడి చెక్కతో పెట్టె చేయించాను. కుక్క పెరిగాక కూడా లేచి నిలబడి, తిరిగి, కాళ్లు చాపుకునేంత పెట్టె. తలుపు మొదట బిగించనివ్వలేదు. లోపల గోనెపట్ట పరిచి, దాని మీద అమ్మగారి పాత చీర ముక్క వేశాను, ఇంటి వాసన ఉండాలని. పిల్లను లోపలికి తొయ్యలేదు. దాని గిన్నె మాత్రం పెట్టె వాకిట్లో పెట్టి, రోజుకు కొంచెం కొంచెం లోపలికి జరిపాను. పాలు కలిపిన రాగిసంగటి ముద్ద ఎక్కడ ఉంటే అది అక్కడికి వస్తుంది. లోపలే తిని లోపలే కునుకు తీయడం మొదలుపెట్టాక తలుపు బిగించాం. తింటున్నంతసేపు మూసి, తినడం కాగానే తీశాం. ఆ తర్వాత కొంచెం కొంచెంగా ఎక్కువ సేపు. కుక్క ఏడుస్తుంటే తలుపు తీయకూడదు, ఏడిస్తే తీస్తారని నేర్చుకుంటుంది. అట్లాగని ఏడ్పించి వదిలేయకూడదు. ఊరకైన క్షణం చూసి తీయాలి. ఆ క్షణం కోసం ఎదురుగా కూర్చోవాలి. అదే పని. ఇంకేమీ లేదు.

అన్న ఇదంతా చూసి, “నా పెండ్లాం నాతో ఇంత ఓర్సుకోని ఉండుంటే నేను యాడికో పొయ్యుందును” అన్నాడు. అట్లా అంటూనే నాకంటే బాగా చేశాడు. ఆయన వచ్చే రోజుల్లో పిల్ల గేటు దగ్గరే కాచుకునేది. పెట్టె పని అయిపోగానే దాన్ని తీసుకుని బంగళా చుట్టూ తిరిగేవాడు. నడకకు తోడు దొరికిందని ఇద్దరికీ సంతోషం.

అమ్మగారు చెడ్డ మనిషి కాదు. చెప్పింది వినేది. ఆమెకు రెండు మాటలు గట్టిగా చెప్పాను. కోపం వచ్చినప్పుడు దాన్ని పెట్టెలో వేయకూడదు. పెట్టెలో ఉన్నదాన్ని చెయ్యి పెట్టి లాగకూడదు. అది దాని ఇల్లు, పిలిస్తే అదే వస్తుంది. ఆమె తల ఊపింది. కానీ ఆ ఇంట్లో ఆమె మాట చెల్లదని మాకు తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

కుక్క బాగా అలవాటు పడింది. “ఇంటికి” అంటే చాలు, పోయి పడుకునేది. ఆఫీసరుగారు వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. అంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు అది ఆయన చెప్పు కొరికింది. ఆయన దాన్ని బెల్టుతో కొట్టి, పెట్టెలో వేసి, సాయంత్రం దాకా తీయవద్దన్నారు. పెట్టె పెట్టిన వరండాలో మధ్యాహ్నం ఎండ పడుతుంది. నేను పోయేసరికి అది నాలుక వేలాడేసుకుని ఉంది. గోనెపట్ట తడిపేసుకుంది. అప్పటిదాకా ఒక్కసారి కూడా తన చోటును పాడు చేసుకోని కుక్క.

నేను ఆయన దగ్గరికి పోయి నిలబడ్డాను. “సార్, తప్పు చేసినప్పుడు దాన్ని పెట్టెలో వేయొద్దు సార్. జైలనుకుంటే మనల్ని ఇంక నమ్మదు.”

ఆయన నవ్వారు. “జైళ్ల గురించి నువ్వు నాకు చెబుతున్నావా?” అన్నారు.

ఆ రోజుల్లో ఆ మాట నవ్వుతూ అన్నా నవ్వుగా ఉండేది కాదు. ఆ నెల తిరక్కముందే నాకు కుప్పం బదిలీ అయింది. డాక్టరుగారు కాగితం చేతిలో పెట్టి, “కుప్పం చల్లగా ఉంటుందయ్యా, రైలు కూడా ఉంది” అన్నారు. నిజమే. కుప్పం మంచి ఊరు. బజారులో ఒకే మాటను మూడు భాషల్లో బేరమాడతారు. ఆ ఊరి మీద నాకు ఏ కోపమూ లేదు. కుక్క పని మాత్రం అంతా అన్న మీద పడింది.

ఎండలు ముదిరాక ఒకనాడు పుంగనూరు వైపు నుంచి వచ్చిన బస్సు డ్రైవరు కుప్పం ఆస్పత్రికి వచ్చి, “మీ డాక్టరు పంపించినాడు. ఆఫీసరు కుక్క మీ అటెండరును కరిసిందంట. నిన్ను రమ్మన్నాడు” అని చెప్పాడు. సెలవు చీటీ ఇచ్చి ఆ బస్సులోనే బయల్దేరాను.

జరిగింది అన్నే చెప్పాడు. ఆఫీసరుగారింటికి చుట్టాలు వచ్చారు. వాళ్లను చూసి కుక్క మొరిగిందని ముందురోజు నుంచి పెట్టెలో వేసి ఉంచారు. మరుసటిరోజు చుట్టాల పిల్లలు కుక్కను చూస్తామన్నారు. తలుపు తీస్తే అది మూలకు నక్కి రాలేదు. ఆఫీసరుగారు అన్నను పిలిచి లాగమన్నారు.

“రొంతసేపు తలుపు తీసి పెడదాం సార్, అదే వస్తాది అన్నానప్పా. నిన్ను అడిగినానా, లాగమన్నానా అన్నాడు. అందురూ సూస్తాండారు. సెయ్యి పెట్టినా. పాపం, దానికి ఎవురి సెయ్యో యాడ తెలుస్తాది? సీకట్లో.” మోచేతి కింద రెండు పళ్లు దిగాయి. పెద్ద గాయం కాదు. కరిచిన తర్వాత ఆయన గొంతు విని కుక్క చెవులు వాల్చి పాక్కుంటూ వచ్చి కాళ్ల దగ్గర పడుకుందట. అది చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి, ఇప్పటి సూదులు చూసినవాళ్లకు తెలియదు కాబట్టి. అప్పుడు కుక్కకాటుకు మందు గొర్రె మెదడుతో చేసేవారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. నొప్పి సంగతి అట్లా ఉంచండి, ఎక్కడో వేలల్లో ఒకరికి ఆ మందే నరాలను పట్టి కాళ్లు పడిపోయేవి. అందుకే ఊరికే వేసేవారు కాదు. కుక్క ఇంటిదై, బాగున్నట్టు కనిపిస్తే, దాన్ని చంపకుండా పది రోజులు కట్టేసి చూసేవారు. పిచ్చి ఉంటే ఆలోపు అదే బయటపడుతుంది, కుక్క చస్తుంది. బతికి తిరుగుతుంటే కాటు పడ్డ మనిషికి భయం లేదు. కుక్కను చంపేస్తే మాత్రం ఏ సంగతీ తెలియదు. అప్పుడు సూదులు తప్పవు.

ఆ కుక్కకు పిచ్చి రాకుండా టీకా వేసింది నేనే. అయినా మా ఆస్పత్రి ఫ్రిజ్జు కరెంటు లేక ఎన్నిసార్లు ఆగిపోయేదో నాకు తెలుసు. అందుకని టీకాను నమ్ముకోలేదు. పది రోజులు చూద్దామని డాక్టరుగారు, నేను, పెద్దాస్పత్రిలో గాయం కడిగిన డాక్టరు, ముగ్గురమూ ఒకే మాట అనుకున్నాం. మా డాక్టరుగారు ధైర్యం చేసి ఆఫీసరుగారి దగ్గరికి స్వయంగా పోయి, ఎందుకు చంపకూడదో వివరంగా చెప్పి వచ్చారు. “అలాగే కానివ్వండి, నాకేం” అన్నారట ఆయన.

నేను మదనపల్లెలో మా అక్క ఇంట్లో దిగాను. కుక్కను పెట్టెతో సహా బంగళా వెనక షెడ్డులోకి మార్చారు. రోజూ పొద్దున అక్కడికి పోయి, పెట్టెలో గిన్నె పెట్టి, కుక్క తినడం చూసేవాణ్ణి. అన్న కూడా వచ్చేవాడు. నీళ్లతొట్టి గట్టు మీద కూర్చుని దాన్నే చూస్తుండేవాడు. పిచ్చికుక్క నీళ్లు తాగదని ఆయనకు ఎరుకే. అది గిన్నెలో మూతి పెట్టి చప్పుడు చేస్తూ తాగుతుంటే ఆయన గొంతు కూడా కదిలేది.

“తాగుతాండాది సూడు. నిన్నటికంటే బాగా తాగుతాండాది.”

“ఏం కాదులేన్నా. దానికేమీ లేదు.”

“నాకు తెలుసప్పా. నా ఇంటామెకే నమ్మకం లేదు. రాత్రంతా నా పక్కే కూసోని, నీళ్లు తాగు తాగు అని సంపతాండాది. తాగి తాగి పొట్ట ఉబ్బింది.”

ఇద్దరం నవ్వుకున్నాం. రోజు గడిచేకొద్దీ ఆయన గట్టు మీద నుంచి పెట్టె దగ్గరికి జరిగాడు. గొలుసు పట్టుకుని షెడ్డు చుట్టూ నడిపించాడు కూడా. అది ఆయన చేతి కట్టును వాసన చూసి నాకబోతే, “వద్దులే తల్లీ, నీ మందు నాకొద్దు” అని చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

సగం రోజులు గడిచాయి. కుక్క గుండ్రాయిలా ఉంది.

ఆదివారం వచ్చింది. మిషన్ గుడికి పోయి ఆరాధన అయ్యాక షెడ్డుకు వస్తానని అన్నతో ముందే చెప్పాను. వచ్చేసరికి బంగళా ముందు మామిడాకులు కడుతున్నారు. హైదరాబాదు నుంచి ఎవరో పెద్దవాళ్లు ఆ మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. వెనక్కి పోయాను. షెడ్డు కడిగి ఉంది. పెట్టె తలుపు బార్లా తీసి ఉంది.

వంటాయన నన్ను చూసి చేతిలో గిన్నె కింద పెట్టాడు. పలమనేరు వైపు మనిషి.

“పొద్దున్నే సంపేసినారప్పా. ఆఫీసరింట్లో పిచ్చికుక్క ఉండాదని ఊర్లో అనుకుంటాండారంట. ఆ మాట వచ్చేవాళ్ల సెవిన పడితే బాగుండదని అయ్య మనుసులను పిలిపించినాడు. మందు పెట్టిన మాంసం తెచ్చినారు. బయట పెడితే అది వాసన సూసి వదిలేసింది. అప్పుడు అయ్యే సెప్పినాడు, పెట్టెలో పెట్టండిరా, తింటాదని.” కింద పెట్టిన గిన్నె మళ్లీ తీసుకున్నాడు. “తోక ఊపుకుంటా లోపలికి పోయిందప్పా.”

ఏ గిన్నె ఆ పెట్టెలో ఉన్నా అనుమానం లేకుండా తినమని దానికి చెప్పింది నా చేతులే.

“యాడ పారేసినారు? తల కావాల, లాబుకు పంపిస్తే తెలుస్తాది” అన్నాను.

“బండిలో ఏసుకోని పోయినారు. యాడికో నాకు తెలీదు. అడగనిచ్చినారా?”

ముందు వైపుకు పోయాను. అట్లా పోకూడదని తెలుసు. ఆఫీసరుగారు కొత్త చొక్కాలో మెట్ల మీద నిలబడి పందిరి పని చూస్తున్నారు.

“సార్, ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే ఆ మనిషికి సూదులు లేకుండా పోయేవి సార్.”

“కుక్క నీదా?”

“కాదు సార్.”

“ఆ మనిషి నీ మనిషా?”

“మా అటెండరు సార్.”

“అయితే తీసుకెళ్లి సూదులు వేయించు. ఊళ్లో ఎంతమంది వేయించుకోవడం లేదు?” అని, పందిరి గుంజ వంకరగా ఉందని ఎవరినో కేకేశారు. వరండా తలుపు వెనక అమ్మగారు నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి లోపలికి పోయింది.

మా డాక్టరుగారు ఆ సాయంత్రమే వచ్చి కుక్కను పూడ్చిన చోటు కోసం నాతో పాటు తిరిగారు. ఎవరూ చెప్పలేదు. తర్వాత ఎప్పుడైనా చెప్పినా ఆ ఎండలకు రెండు రోజుల్లో మెదడు పరీక్షకు పనికిరాదు. ఇంక దారి లేదు. అన్నను నేనే తీసుకుపోయి సూదులకు కూర్చోబెట్టాను. రోజూ ఒకటి. ఆయన ఏడవలేదు, తిట్టలేదు. “కుక్క ఎట్ల సచ్చింది?” అని ఒక్కసారి అడిగాడు. చెప్పాను. “పెట్టెలోనా?” అన్నాడు. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

నా సెలవు అయిపోయి కుప్పం వచ్చేశాను. సూదులు కావస్తుండగా ఆయనకు జ్వరం వచ్చిందట, నడుం పట్టేసిందట. ఒక పొద్దున మంచం దిగబోతే కాళ్లు నేల మీద నిలవలేదు. వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. నేను అక్కడికి పోయి చూశాను. దుప్పటి కింద కాళ్లు ఎవరివో తెచ్చి పెట్టినట్టు ఉన్నాయి. సూదులు వేసినవాళ్ల తప్పు లేదు. ఆ మందు స్వభావమే అంత. ఎక్కడో ఒకరికి అవుతుందని చదువుకున్న ఆ ఒకరు మా అన్న అయ్యాడు.

నెలల తరబడి పడి ఉండి, చివరకు ఒక కాలు కొంత వచ్చింది, ఇంకొకటి రాలేదు. చంకలో కర్రతో ఇంట్లో తిరిగేంత. ఉద్యోగానికి పనికిరాడన్నారు. డ్యూటీలో దెబ్బ తగిలితే ఇచ్చే సాయం ఉంది, భార్యకైనా కొడుక్కైనా ఉద్యోగం అడగవచ్చు. ఆ దరఖాస్తు నేనే రాసి పట్టుకుపోయాను. కానీ కుక్క కరిచిన రోజున ఆయన మదనపల్లెలో లేడు. రికార్డు ప్రకారం మా ఆస్పత్రిలో పశువులు చూస్తున్నాడు. మా హాజరు సంగతి డాక్టరుగారు చూసుకున్నారు కదా.

“వైద్యానికి వచ్చిన కుక్క కరిచిందని రాయండి సార్. ఒక్క ముక్క” అని బతిమాలాను.

ఆయన బల్ల మీద పేపర్ వెయిట్ తిప్పారు. “ఎంక్వైరీ వస్తే ఏ కుక్క అంటారు? ఎవరి కుక్క అంటారు? నేను రాయలేనయ్యా.” ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి. ఆ నీళ్లతో మా అన్నకు ఏమీ ఒరగలేదు. ఆ ఏడాది చివర డాక్టరుగారికి సొంత జిల్లాకు బదిలీ వచ్చింది. దాని కోసం ఆయన ఆఫీసరుగారిని అడగలేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. పై వాళ్లు తమంతట తాము దయ చూపించే పద్ధతి అట్లా ఉంటుంది.

ఎనభైలు వచ్చాక నన్ను మళ్లీ మదనపల్లె వైపుకు వేశారు. వీలైనప్పుడల్లా అన్న ఊరికి పోయేవాణ్ణి. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉండేవాడు. దోవన పోయేవాళ్లను పిలిచి ఎవరి చేలో ఏ పంట ఉందో అడిగేవాడు. చెనిక్కాయ ఎట్లుంది, తమాటాకు ఏ మందు కొట్టినారు, వంకలో నీళ్లు పారుతున్నాయా. అన్నీ అడిగి తెలుసుకునేవాడు.

ఒకసారి నేను పోయినప్పుడు వదిన నన్ను వంటింటి గడప దగ్గరే ఆపింది. గొంతు తగ్గించింది.

“ఆయప్ప నిన్ను ఒకటి అడగాలనుకుంటాండాడప్పా. కొన్నాళ్లుగా అదే మాట. ఆ కుక్కకు పిచ్చి ఉండిందా లేదా అని. నువ్వు ఏం సెప్తావు?”

“లేదు వదినా. నీకు తెలీదా? ముందురోజు దాకా తినింది, తాగింది.”

“నాకు తెలుసు. ఆయప్పకు సెప్పొద్దు.” ఆమె చీర కొంగును వేలికి చుట్టి విప్పింది. “కాళ్లు ఉట్టినే పోయినాయంటే ఆ మనిసి తట్టుకోలేడు. రేయంతా పైన మిద్దెకల్లా సూస్తా పండుకోనుంటాడు. పిచ్చి ఉండిందని సెప్పప్పా. ఆ సూదులే కాపాడినాయని సెప్పు. నీ మాట నమ్ముతాడు.”

“అబద్ధం వదినా.”

“నువ్వు బస్సెక్కి పోతావు. ఈడ ఉండేది నేను” అంది.

బయటికి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన అడిగాడు. నేను నేల వైపు చూసి, “నీకు సెప్పలేదుగానీ అన్నా, ఆఖరు రోజు దాని సూపు నాకు సరిగా అనిపించలేదు. చొంగ కూడా కారింది. ఉండిందనే అనుకుంటాండాను” అన్నాను. ఆ రాయలసీమ యాసలోనే అన్నాను. పుస్తకాల భాషలో ఆ అబద్ధం నా నోట రాదు.

ఆయన పెద్ద ఊపిరి వదిలాడు. “అట్లనా” అన్నాడు. తర్వాత లోపలికి కేకేసి, నాకు మజ్జిగ ఇమ్మన్నాడు. తర్వాత వదిన చెప్పింది, ఆ రోజు నుంచి నిద్ర పడుతున్నదని. మంచిపని చేశాననుకున్నాను. కొంతకాలం నిజంగా అనుకున్నాను.

ఒకరిని నమ్మించిన అబద్ధం అక్కడితో ఆగదు. పిచ్చి ఉండిందంటే, ఆ కుక్కను చంపించడం సరైన పనే. చంపించకపోతే మేమంతా సూదులు వేయించకుండా పది రోజులూ చూస్తూ కూర్చునేవాళ్లం. అన్న ఈ లెక్కను నాకంటే ముందే తేల్చుకున్నాడు. అరుగు దగ్గర ఆగినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాడు, ఆ ఆఫీసరు అయ్యే నా ప్రాణం నిలబెట్టినాడని. నేను ఏ మాట చెప్పి ఆపాలి?

ఆ తర్వాత కొన్నేళ్లకు మదనపల్లెలో ఒక కట్టడం ప్రారంభానికి ఆ ఆఫీసరుగారు వచ్చారు. అప్పటికి ఇంకా పెద్ద పదవిలో ఉన్నారు. జుట్టు నెరిసింది, మనిషి కొంచెం వంగారు. ఎవరి ద్వారా తెలిసిందో, అన్న బస్సెక్కి వచ్చేశాడు. నాకు కబురు చేసి, తోడు రమ్మన్నాడు. వద్దన్నా అని నేను చెప్పిన మాట వినలేదు. ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుని ఉన్నాడు. మనుషుల్లో తోసుకుంటూ, కర్ర మీద ఈడ్చుకుంటూ, ఆయన కారు దగ్గరికి పోయేదాకా నేను వెనకే ఉన్నాను.

అన్న కర్ర నాకిచ్చి, నా భుజం ఆనుకుని, రెండు చేతులూ జోడించాడు. “అయ్యా, ఆ పొద్దు మీరు ఆ కుక్కను సంపించకపోయింటే నేను ఈ పొద్దు ఉండను. మీ కడుపు సల్లగా ఉండాల” అన్నాడు.

ఆఫీసరుగారు ఆయనను చూశారు. నన్ను చూశారు. గుర్తుపట్టలేదు. పక్కనున్నవాళ్లతో నవ్వుతూ, “ఏ కుక్కయ్యా?” అన్నారు. జవాబు కోసం ఆగకుండా కారెక్కారు.

దుమ్ము అణిగేదాకా అన్న చేతులు దించలేదు. తర్వాత నా దగ్గర కర్ర తీసుకున్నాడు. ముఖం వెలిగిపోతున్నది.

“సూసినావా అప్పా, పెద్దోళ్ల గుణం. సేసిన మేలు కూడా గుర్తు పెట్టుకోరు.”

“ఔనన్నా” అన్నాను.